పాత బోన్సాయ్ కుండీ: కడగడం ఎంత, క్రిమిశుద్ధి ఎంత?

చెట్టు ఎండిపోయింది. కుండీ మాత్రం నిక్షేపంగా ఉంది. బోన్సాయ్ పెంచేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితి రాక తప్పదు. మంచి కుండీ ఒక్కోసారి అందులోని చెట్టు కంటే ఎక్కువ ధర పలుకుతుంది, పారేయడానికి మనసొప్పదు. అలాగని మట్టి దులిపేసి ఇంకో మొక్క పెడదామంటే, పాత చెట్టును చంపిందేదో ఆ గోడల్లోనే దాగి ఉందేమోనని భయం. శుభ్రం చేద్దామనుకుంటే సలహాలకు కొదవ లేదు. ఒకరు బ్లీచింగ్ పౌడర్ అంటారు, ఒకరు వెనిగర్, మరొకరు మరిగే నీళ్ళు, ఇంకొకరు పొటాషియం పర్మాంగనేట్. నాలుగు రోజులు ఎండలో పడేస్తే చాలనే వాళ్ళున్నారు, అసలు కడిగితే కుండీ అందమే పోతుందనే వాళ్ళూ ఉన్నారు.

ఈ సలహాల్లో బొత్తిగా పనికిరానివి తక్కువ. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో సమస్యకు జవాబు. పాత కుండీలో మూడు రకాల పదార్థాలు మిగులుతాయి: మట్టీ వేళ్ళ ముక్కలూ ఒకటి, నీళ్ళూ ఎరువులూ వదిలిన ఉప్పు రెండు, కంటికి కనబడని రోగకారకాలు మూడు. మొదటిదానికి బ్రష్షు కావాలి, రెండోదానికి నీళ్ళో ఆమ్లమో కావాలి, మూడోదానికి వేడో క్రిమిసంహారిణో కావాలి. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే శ్రమ వృథా అవుతుంది. రెంటినీ కలిపి వాడితే ప్రాణాల మీదికే రావచ్చు. ఈ మూడింటినీ విడదీసి, ప్రచారంలో ఉన్న పద్ధతుల్లో ఏది ఎంతవరకు పనిచేస్తుందో తూచి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

కుండీలో నిజంగా ఏం దాగుతుంది?

వేరుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా, పిథియం తడిని ఆశ్రయించి బతుకుతాయి. వీటి చలన బీజాలు నీళ్ళలో ఈదుతూ వేళ్ళను చేరతాయి. ఆరితే ఆ బీజాలు చచ్చిపోతాయి. కానీ ఇవే జీవులు మందపాటి గోడలున్న విశ్రాంత బీజాలను కూడా తయారుచేస్తాయి. అవి ఎండిన వేరు ముక్కలో, గోడకు అంటిన మట్టిలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఓపిక పడతాయి. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం కూడా ఇలాంటి గట్టి బీజాలతోనే కాలం వెళ్ళదీస్తుంది. రైజోక్టోనియా చిన్న చిన్న గట్టి ముద్దలుగా మారి నిలుస్తుంది.

బాక్టీరియాలో ఇద్దరు శత్రువుల్ని గుర్తుపెట్టుకోవాలి. వడలు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా ఒకటి. కాండం మొదట్లో, వేళ్ళ మీద కంతులు పుట్టించే ఆగ్రోబాక్టీరియం రెండోది. గులాబీ, ప్లమ్, చెర్రీ, విల్లో జాతులకు ఈ కంతుల బెడద ఎక్కువ. ఇక వేరుబుడిపె నులిపురుగులు గుడ్లను జిగురు ముద్దలో పెడతాయి. వేళ్ళను పట్టిన పిండినల్లి తన తెల్లని దూదిలాంటి పొరను కుండీ గోడలకు, అడుగు చిల్లుల అంచులకు వదిలిపెడుతుంది.

ఈ జాబితా చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు. నున్నగా కడిగి ఆరబెట్టిన గోడ మీద వీటిలో చాలావాటికి నిలువ నీడ ఉండదు. వాటికి ఆశ్రయమిచ్చేది మట్టి, వేరు ముక్క, పాచి. బోన్సాయ్ కుండీలో అవి మిగిలే చోట్లు కొన్నే ఉంటాయి: లోపలికి వంగిన అంచు కింది భాగం, అడుగు మూలలు, కుండీ కాళ్ళ లోపలి వైపు, చెట్టును కట్టేందుకు తీగ దూర్చే సన్న చిల్లులు, మురుగు చిల్లు మీద వేసిన జల్లెడ గుడ్డ. పాత జల్లెడనూ తీగనూ శుద్ధి చేసి మళ్ళీ వాడదామనే పొదుపు అక్కర్లేదు. అవి పారేయవలసినవే.

వాడిన కుండీలు రోగాన్ని మోస్తాయనడానికి గట్టి ఆధారాలు నర్సరీల నుంచి వచ్చాయి. 2012లో కాలిఫోర్నియాలోని మాంటరే కౌంటీ నర్సరీలో ఫైటోఫ్తోరా టెంటాక్యులేటా అనే జాతి బయటపడింది. అమెరికాలో దాన్ని గుర్తించడం అదే మొదలు. అడవులను పునరుద్ధరించడానికి పెంచిన దేశవాళీ మొక్కలే రోగాన్ని అడవికి చేరవేసే ప్రమాదం ఉందని తేలడంతో అక్కడి నర్సరీలు తమ పద్ధతులను మార్చుకున్నాయి. వాడిన కుండీలను కడిగి, వేడితోనో మందుతోనో శుద్ధి చేశాకే మళ్ళీ వాడాలన్నది ఆ మార్పుల్లో ముఖ్యమైనది. ఇంట్లో పది కుండీలు ఉన్నవాళ్ళకు నర్సరీ స్థాయి కట్టుబాట్లు అక్కర్లేకపోవచ్చు, కానీ సూత్రం మారదు.

కుండీ ఏ మట్టిదో ముందు తెలుసుకోవాలి

మందు ఎంచుకునే ముందు కుండీని ఎంచి చూడాలి. జపాన్‌లోని తోకొనామె, చైనాలోని యిషింగ్ బోన్సాయ్ కుండీలకు పేరుపడ్డ ఊళ్ళు. అక్కడి మంచి కుండీలను సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. అంత వేడిలో మట్టి కణాలు గట్టిగా కలిసిపోతాయి, నీళ్ళు పీల్చే గుణం బాగా తగ్గుతుంది. మన కుమ్మరి ఆవంలో వెయ్యి డిగ్రీలు దాటకుండా కాలిన ఎర్రమట్టి కుండీ అలా కాదు. దాని గోడ నిండా సూక్ష్మ రంధ్రాలే. అందులో నీళ్ళు ఎంత లోతుకు పోతాయో ఉప్పు కూడా అంత లోతుకు పోతుంది. మనం పోసే మందూ అంతే.

గ్లేజు పూసిన కుండీకి బయట గాజులాంటి పొర ఉంటుంది, లోపల మాత్రం చాలావాటికి పూత ఉండదు. కాబట్టి బయట మెరుస్తోంది కదా అని లోపల కూడా ఏమీ పీల్చదనుకోకూడదు. మన దగ్గర సిమెంటు తొట్లలో, పళ్ళేల్లో బోన్సాయ్ పెంచేవాళ్ళు ఎక్కువ. సిమెంటును ఆమ్లం తినేస్తుంది. వెనిగర్‌లో నానబెడితే ఉప్పు పొరతో పాటు తొట్టి పైపొర కూడా కరిగి గరుకు తేలుతుంది. ప్లాస్టిక్ కుండీ ఏమీ పీల్చదు, శుద్ధి తేలిక. అయితే ఎక్కువ వేడికి వంకర పోతుంది.

ఇంకొకటి కూడా చూడాలి: పగులు. పాత కుండీని చేత్తో పట్టుకుని వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది, బొంగురుగా మోగితే ఎక్కడో సన్నని పగులున్నట్టే. సంతలో కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు చేసే పరీక్షే ఇది. పగులున్న కుండీని వేడి చేయకూడదు. జిగురుతో అతికించిన కుండీకీ వేడి పనికిరాదు, ఆ వేడికి అతుకు వదులవుతుంది.

తెల్ల పొర రోగం కాదు

శుభ్రం చేసే ప్రయత్నం చాలామంది మొదలుపెట్టేది రోగభయంతో కాదు, కుండీ బయట పేరుకున్న తెల్లటి చారలు చూడలేక. ఇది ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, దానికి తోడు ఎరువుల ఉప్పు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 దాకా అనుమతి ఉంది. బోరు నీళ్ళ మీద ఆధారపడే మన ఊళ్ళలో 300 అంటే ఆశ్చర్యపడాల్సిన అంకె కాదు. అలాంటి నీళ్ళు రోజుకు అర లీటరు పోస్తే ఏడాదికి సుమారు 55 గ్రాముల సున్నపు పదార్థం ఆ కుండీలోకి వెళ్ళినట్టు. చాలా భాగం అడుగు చిల్లుల్లోంచి పోతుంది. మిగిలింది గోడ రంధ్రాల గుండా బయటికి వచ్చి, నీరు ఆవిరయ్యాక అక్కడే గట్టిపడుతుంది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బ్లీచ్ ఈ పొరను కరిగించదు. బ్లీచ్‌లో ఎంతసేపు నానబెట్టినా తెల్ల చార తెల్లగానే ఉంటుంది. రెండోది, ఈ పొర గోడ పైన కనిపించేది కొంతే, లోపలా ఉంటుంది. గీకితే పోయి, నెల తిరక్కుండా మళ్ళీ తేలడానికి కారణం అదే.

కాబట్టి మొదటి మందు మంచినీళ్ళు. వాన నీళ్ళలోనో ఆర్‌ఓ నీళ్ళలోనో కుండీని ముంచి ఉంచి, రోజూ నీళ్ళు మార్చాలి. కరిగే ఉప్పంతా ఇలా బయటికి వస్తుంది. టీడీఎస్ మీటరు ఉంటే పని ఎంతవరకు వచ్చిందో కంటితో చూడవచ్చు. ఉదయం పోసినప్పుడు ఉన్న అంకెను, మర్నాడు ఉదయం చూపించే అంకెతో పోల్చాలి. తేడా పెద్దగా ఉంటే ఇంకా ఉప్పు ఊరుతోందని అర్థం. రెండూ దాదాపు ఒకటయ్యాక నానబెట్టడం ఆపవచ్చు.

నీళ్ళకు కరగని సున్నపు పొరకే వెనిగర్ అవసరం. దుకాణంలో దొరికే వెనిగర్‌లో సాధారణంగా 4 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. లెక్క ప్రకారం లీటరు వెనిగర్ 30 గ్రాములకు పైగా సున్నపు పొరను కరిగించగలదు. నురగలా పైకొచ్చే బుడగలు కార్బన్ డయాక్సైడ్. బుడగలు ఆగితే ఆమ్లం అయిపోయిందనో, పొర అయిపోయిందనో అర్థం. వెనిగర్‌లో తడిపిన గుడ్డను చార మీద చుట్టి ఉంచి, మెత్తబడ్డాక నైలాన్ బ్రష్షుతో రుద్దితే మొత్తం కుండీని ముంచే అవసరం ఉండదు. నిమ్మ ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది. అయితే దాన్ని చిక్కగా కలిపితే కాల్షియం సిట్రేట్ తెల్లగా పేరుకుని, పోగొట్టాలనుకున్న మరకే ఇంకో రూపంలో మిగులుతుంది. పలుచగా కలపాలి, వెంటనే కడగాలి.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నాన్ని క్షణాల్లో కరిగిస్తుంది, నిజమే. కానీ మట్టిలోని ఇనుమును కదిలిస్తుంది, కొన్ని గ్లేజుల మెరుపును చెడగొడుతుంది, గోడ రంధ్రాల్లో దాగి కొత్త వేళ్ళను కాలుస్తుంది. ఇనుప బ్రష్షు కూడా వద్దు. గ్లేజు మీద అది గీసిన గీతలు ఇక పోవు.

బ్రష్షు చేసే మేలు

క్రిమిశుద్ధి మీద జరిగే వాదనలన్నీ మందు పేరు చుట్టూ తిరుగుతాయి. ఏ మందు వాడినా, దానికి ముందు జరిగిన కడుగుడును బట్టే ఫలితం ఉంటుంది. క్లోరిన్‌కు మట్టికీ రోగకారకానికీ తేడా తెలియదు. మట్టి, పాచి, కుళ్ళిన వేరు, ఏది ముందు తగిలితే దాని మీదే ఖర్చయిపోతుంది. మురికి కుండీని బ్లీచ్‌లో ముంచితే కాసేపటికి ఘాటు వాసన తగ్గిపోతుంది. శుద్ధి పూర్తయిందని చాలామంది పొరబడేది అక్కడే. నిజానికి అప్పటికి మందు మురికి మీద చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది.

అందుకని కుండీలో మట్టి పూర్తిగా ఆరాక పొడిగా దులపాలి. ఆ మట్టిని కంపోస్టులో వేయకూడదు, చెత్తలోకే పంపాలి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, కొబ్బరి పీచుతోనో నైలాన్ బ్రష్షుతోనో సబ్బు నీళ్ళు వేసి తోమాలి. కుంకుడు రసం అయినా సరే, మురికిని వదిలిస్తుంది. అంచు కిందికి, తీగ చిల్లుల్లోకి పాత టూత్ బ్రష్షు దూరుతుంది. కాళ్ళ లోపలి వైపున పేరుకున్న నల్లటి పాచిని గోరుతో గీకి చూడాలి. దాని కింద ఎండిన వేరు దారాలు కనిపిస్తే పని ఇంకా మిగిలే ఉంది. ఈ కడిగిన నీళ్ళు పక్క కుండీల మీదికి చిందకుండా, మొక్కల పాదులోకి పారకుండా చూడాలి. నీళ్ళలో ఈదే చలన బీజాలకు అదే దారి.

ఆరోగ్యంగా ఉన్న చెట్టును మట్టి మార్చి తిరిగి అదే కుండీలో పెట్టేటప్పుడు ఈ కడుగుడు, ఆపైన పూర్తిగా ఆరబెట్టడం చాలు. ఆ చెట్టు వేళ్ళకూ ఆ కుండీకీ ఉన్నవి ఒకే సూక్ష్మజీవులు. పైన్ వేళ్ళకు మేలు చేసే తెల్లని శిలీంద్రం చచ్చిపోతుందేమోనని కొందరు కుండీని కడగడానికే వెనకాడతారు. ఆ శిలీంద్రం ఉండేది వేళ్ళ మీదా, వేళ్ళు పట్టుకున్న మట్టిలోనూ. మార్పిడిలో పాత మట్టి గుప్పెడు కలిపితే అది కొత్త మట్టిలోకి చేరుతుంది. కుండీ గోడను మురికిగా ఉంచనక్కర్లేదు.

వేడి: అన్నిటికంటే నమ్మదగినది

కుండీల మొక్కల ఆరోగ్యం మీద వచ్చిన రచనల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1957లో ప్రచురించిన 23వ మాన్యువల్‌కు పెద్ద పేరుంది. దాని సంపాదకుడు కెన్నెత్ బేకర్. మట్టినీ కుండీలనూ నూరు డిగ్రీల దాకా వండనక్కర్లేదనీ, ఏ రోగకారకం ఏ ఉష్ణోగ్రత దగ్గర చస్తుందో తెలిస్తే అంతే వేడి చాలనీ ఆ సంప్రదాయం నేర్పింది. గాలి కలిపిన ఆవిరితో 60 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే వేరుకుళ్ళు శిలీంద్రాలు, రోగకారక బాక్టీరియా, నులిపురుగులు చాలావరకు నశిస్తాయి. కలుపు విత్తనాలకు, కొన్ని వైరస్‌లకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. పొగాకు మొజాయిక్ వైరస్ లాంటి మొండిది ఈ వేడికి లొంగదు.

వేడికి ఉన్న గొప్పతనం, అది గోడ లోపలికి కూడా పోతుంది. మందు చేరని రంధ్రానికి వేడి చేరుతుంది. ఏ అవశేషమూ మిగల్చదు. దాని ప్రమాదం ఒక్కటే: హఠాత్తుగా తగిలితే కుండీ పగులుతుంది. చల్లటి కుండీ మీద మరిగే నీళ్ళు కుమ్మరించడం తప్పు పద్ధతి. పెద్ద గిన్నె అడుగున గుడ్డ మడత వేసి, కుండీని గాలి బుడగ చిక్కకుండా ఒరిగించి పెట్టి, మునిగేలా చల్లనీళ్ళు పోయాలి. సన్న మంట మీద నీళ్ళూ కుండీ కలిసే వేడెక్కాలి. థర్మామీటరు 70 డిగ్రీలు చూపాక అరగంట పాటు అక్కడే నిలిపి, పొయ్యి ఆపి, దానంతట అది చల్లారే దాకా కదపకూడదు. బేకర్ చెప్పిన 60కి పది డిగ్రీలు ఎక్కువ పెట్టడం గోడ మధ్యలో కూడా తగినంత వేడి అందడానికే. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు.

ఓవెన్‌లో కాల్చడం కూడా కొందరు చెబుతారు. తడి లోపల మిగిలిన కుండీని అలా పెడితే ఆవిరి ఒత్తిడికి చిట్లుతుంది. పూర్తిగా ఆరిన కుండీని చల్లటి ఓవెన్‌లో పెట్టి మెల్లగా వేడెక్కించాలి. పొడి వేడి తడి వేడి కంటే నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచాలి. గిన్నెలో పట్టే కుండీకి నీళ్ళ పద్ధతే మేలు.

క్లోరిన్: బలమూ బలహీనతా

క్లోరిన్‌ను 1774లో షీలే కనుగొన్నాడు. 1820లలో ఫ్రాన్స్‌లో లబరాక్ దాని ద్రావణాలను దుర్గంధానికీ కుళ్ళుకూ విరుగుడుగా ప్రచారంలోకి తెచ్చాడు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ వైద్యుల చేతులు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో కడిగించి బాలింతల మరణాలు తగ్గించాడు. రెండు వందల ఏళ్ళయినా చవకలో దొరికే క్రిమిసంహారిణుల్లో దీనికి పోటీ తక్కువ.

కుండీలకు ఎక్కువగా సిఫారసు చేసే పాళ్ళు ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు. సీసా మీద 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే ఇలా కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది. 4 శాతం అని ఉంటే ఒకటికి ఏడు వంతులు. బ్లీచింగ్ పౌడర్ వాడితే, అందులో 30 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, లీటరుకు 16, 17 గ్రాములు కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైన తేటనే వాడాలి. మడ్డిని కుండీకి తగిలించకూడదు, అది మళ్ళీ సున్నపు పొరే. తేమ తగిలిన పాత పౌడర్‌లో బలం తగ్గిపోయి ఉంటుంది. కడిగిన కుండీని ఈ ద్రావణంలో 10 నుంచి 30 నిమిషాలు పూర్తిగా మునిగేలా ఉంచాలి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, ఎండకూ వేడికీ అది విరిగిపోతుంది.

దీని బలహీనత రంధ్రాలున్న మట్టి దగ్గర బయటపడుతుంది. ద్రావణం గోడలోకి పోతుంది గానీ లోపలికి పోయేకొద్దీ బలం సన్నగిల్లుతుంది. పైగా క్లోరిన్ ఎగిరిపోయినా ఉప్పు లోపలే మిగులుతుంది. కాబట్టి ఎర్రమట్టి కుండీని బ్లీచ్ తర్వాత రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. అక్వేరియం పెంచేవాళ్ళు క్లోరిన్ విరగడానికి వాడే సోడియం థయోసల్ఫేట్ కొంచెం మొదటి కడుగుడు నీళ్ళలో వేస్తే వాసన త్వరగా పోతుంది. గ్లేజు కుండీకి, ప్లాస్టిక్‌కు ఈ బాధ లేదు, నాలుగుసార్లు కడిగితే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. తెల్ల పొర కోసం వెనిగర్, రోగం కోసం బ్లీచ్ అని చదివి రెంటినీ ఒకే బకెట్లో కలిపేవాళ్ళున్నారు. ఆమ్లంతో కలిసిన బ్లీచ్ నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఈ వాయువునే. నిమ్మ ఉప్పు, బాత్‌రూమ్ యాసిడ్, అమోనియా ఉన్న క్లీనర్లు, ఏవీ బ్లీచ్ దగ్గరికి రాకూడదు. వెనిగర్ పని ఒక రోజు, బాగా కడిగి ఆరబెట్టి, బ్లీచ్ పని వేరే రోజు. గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోట చేయాలి.

మిగతా మందులు

హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విరిగిపోతుంది కాబట్టి అవశేష భయం లేదు. మందుల షాపులో దొరికే 3 శాతం ద్రావణం మామూలు బాక్టీరియాకు సరిపోతుంది, గట్టి బీజాల మీద దాని బలం చాలదు. కుండీలో పోయగానే బుస్సున పొంగితే సంతోషించనక్కర్లేదు. ఆ నురగ అంతా మిగిలిన సేంద్రియ పదార్థం మీద మందు ఖర్చవుతున్న గుర్తు.

70 శాతం ఆల్కహాలు కత్తెరలకు, గ్లేజు పైభాగానికి మంచిది. రంధ్రాలున్న గోడలో పని పూర్తయ్యేలోపే ఆవిరైపోతుంది. పొటాషియం పర్మాంగనేట్ మన తోటల్లో పాత అలవాటు. మురికి తగిలితే అది కూడా ఇట్టే ఖర్చవుతుంది. పైగా మాంగనీస్ డయాక్సైడ్ గోధుమరంగు మరక ఎర్రమట్టిలోకి ఇంకిపోతుంది. మంచి కుండీకి వాడదగినది కాదు. బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి క్వాటర్నరీ అమోనియం మందులు గట్టి, నున్నని ఉపరితలాల మీద బాగా పనిచేస్తాయి. నేల తుడిచే ఫినైల్ మాత్రం కుండీ దరిదాపులకు రానీయకూడదు. అది గోడలోకి ఇంకి, వాసన పోయిన తర్వాత కూడా వేళ్ళకు విషంగా మిగులుతుంది. వేపనూనె, పసుపు నీళ్ళు మొక్కల మీద ఎన్ని విధాల ఉపయోగపడినా, కుండీ గోడలోని విశ్రాంత బీజాన్ని చంపే పని వాటికి అప్పగించలేం.

ఎండ ఏ మేరకు?

ఎండలో పడేయడం రెండు విధాలు. మొదటిది ఊరికే ఆరబెట్టడం. దీనివల్ల చలన బీజాలు, పిండినల్లి, చాలా బాక్టీరియా పోతాయి, మందగోడ బీజాలు పోవు. అతినీలలోహిత కిరణాలు తగిలేది పైపొరకే. రెండోది సూర్యతాపాన్ని బంధించడం. ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో ప్రచురించిన పరిశోధనతో పొలాల్లో మట్టిని పారదర్శక ప్లాస్టిక్ కింద వేడెక్కించే పద్ధతి లోకమంతా వ్యాపించింది. తర్వాత కాలిఫోర్నియాలో నర్సరీల కోసం రెండు పొరల ప్లాస్టిక్ గుడారం పద్ధతి వచ్చింది. కుండీల్లోని మట్టి 70 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 60 దగ్గర గంట నిలిస్తే చాలని అక్కడి వ్యవసాయ శాఖ అంగీకరించింది.

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు సాధారణమైన మనకు ఈ పద్ధతి వరం. కడిగిన కుండీలను తడి మీదే, నేలకు తగలకుండా థర్మోకోల్ పలక మీద ఉంచి, రెండు పారదర్శక పాలిథిన్ పొరల మధ్య గాలి ఉండేలా కప్పి, అంచులు బిగించాలి. లోపల ఒక థర్మామీటరు తప్పనిసరి. అది 60 దాటి గంట నిలవకపోతే జరిగింది ఆరబెట్టడమే. వానాకాలంలోనూ, శీతాకాలపు ఎండలోనూ దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

వయసు మెరుగును కాపాడుకోవచ్చా?

బోన్సాయ్ లోకంలో అసలు తగవు ఇక్కడే. దశాబ్దాల చేతి స్పర్శ, నీళ్ళు, వాతావరణం కలిసి గ్లేజు లేని కుండీకి ఒక లోతైన మెరుగు తెస్తాయి. జపాన్‌లో 1934లో మొదలైన కొకుఫు ప్రదర్శనకు చెట్టును తీసుకెళ్ళేవాళ్ళు కుండీ వయసును కూడా చెట్టు వయసంత శ్రద్ధగా చూస్తారు. 1923 కాంతో భూకంపం తర్వాత టోక్యో నుంచి తరలిన తోటమాలులు 1925లో స్థిరపడిన ఓమియా గ్రామం దగ్గర 2010లో తెరిచిన బోన్సాయ్ మ్యూజియం కుండీలను కూడా సేకరించి చూపిస్తుంది. అలాంటి కుండీని వెనిగర్‌లో ముంచితే ఏళ్ళ మెరుగు ఒక్క రాత్రిలో పోతుంది.

అయినా ఈ తగవుకు పరిష్కారం ఉంది. రోగకారకం ఉండేది లోపల, మెరుగు ఉండేది బయట. లోపలి గోడకు, అడుగుకు మాత్రమే దూదితోనో గుడ్డతోనో బ్లీచ్ ద్రావణం పట్టించి, అరగంట తడిగా ఉంచి, లోపలే కడగవచ్చు. ఎక్కువ కాలిన యిషింగ్, తోకొనామె కుండీల్లో ద్రావణం బయటికి ఊరడం తక్కువ. కాళ్ళ మధ్య భాగాన్ని విడిగా తుడవాలి. బయటి వైపు మంచినీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. ప్రదర్శన ముందు తెల్ల చారలను దాచడానికి నూనె పూయడం కూడా ఒక అలవాటు. అది దాచడమే, తొలగించడం కాదు. నూనె పూశాక శుభ్రం చేయడం ఇంకా కష్టం. కాబట్టి శుద్ధి ఎప్పుడూ ముందు జరగాలి.

మెరుగు పేరు చెప్పి లోపల మురికి వదిలేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. కుండీ విలువ పెరిగేకొద్దీ అందులో పెట్టే చెట్టు విలువ కూడా పెరుగుతుంది. ఇరవై ఏళ్ళు పెంచిన చెట్టును, ఏం మోస్తోందో తెలియని కుండీలోకి దించడం సాహసం కాదు, అశ్రద్ధ.

ఏ కుండీకి ఏ పని

పైన తూచిన వాటన్నిటి సారం ఇది. ఆరోగ్యమైన చెట్టు తిరిగి తన కుండీలోకే వెళ్తుంటే: తోమడం, కడగడం, ఆరబెట్టడం. వేరే చెట్టు వస్తుంటే, లేదా కుండీ ఎవరి దగ్గరి నుంచో చేతులు మారి వచ్చి దాని చరిత్ర తెలియకపోతే: కడిగాక వేడి గానీ బ్లీచ్ గానీ. వేరుకుళ్ళుతోనో కంతులతోనో నులిపురుగులతోనో చెట్టు పోయి ఉంటే: గట్టి మట్టి కుండీకి 70 డిగ్రీల నీళ్ళు. పగిలిందో అతికించిందో సిమెంటుదో అయితే బ్లీచ్, ఆపైన నానబెట్టడం, ఆరబెట్టడం. ఇలాంటి రోగంతో చెట్టు పోయిన కుండీ చవక ఎర్రమట్టిదీ, వేడికి ఆగదనిపించేదీ అయితే దాన్ని వదులుకోవడమే లాభం. తెల్ల పొర సంగతి వీటన్నిటికీ వేరుగా, వేరే రోజున చూసుకోవాలి.

వీటితో పాటు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఎంత శుద్ధి చేసిన కుండీ అయినా, కొత్త మొక్క వేళ్ళ మీదే బుడిపెలు ఉంటే, పాత మట్టిని జల్లించి మళ్ళీ పోస్తే, వేళ్ళు కత్తిరించే కత్తెరను తుడవకుండా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు తీసుకెళ్తే, పడిన శ్రమ దక్కదు. కుండీ, మట్టి, కత్తెర, మొక్క నాలుగింటినీ ఒకే శ్రద్ధతో చూసినప్పుడే క్రిమిశుద్ధికి అర్థం ఉంటుంది. వేసవిలో మర్రి, జువ్వి, రావి జాతుల మట్టి మార్చే రోజులు వచ్చేలోపు ఖాళీ కుండీలన్నిటినీ ఇలా సిద్ధం చేసి ఉంచుకుంటే, వేళ్ళు బయట పెట్టుకుని ఉన్న చెట్టు పక్కన నిలబడి ఏ మందు వాడాలా అని తడుముకోవలసిన అవసరం రాదు.